ఇరవై ఎనిమిది వేలమందిలో ఒక్కరు

సీతారత్నానికి చాలా ఏళ్లుగా ఒక సందేహం ఉంది. పొద్దున్నే బస్సు అందుకోవాలి కనుక ఆమె అమ్మవారి నామాలు గబగబా చదివేస్తుంది. పాలు పొంగేలోపు సగం, పొంగిన పాలు తుడుచుకుంటూ మిగతా సగం. పక్కవాటా కామాక్షమ్మగారు అవే నామాలు ఒక్కొక్కటీ చప్పరించినట్టు, ఎండ వరండాలోంచి వాకిట్లోకి జరిగేదాకా చదువుతారు. ఇద్దరికీ వచ్చే పుణ్యం ఒకటేనా? లేక వేగాన్నిబట్టి కోత ఏమైనా ఉంటుందా?

గుళ్లో పూజారిగారిని ఒకసారి అడిగింది. ఆయన హారతి పళ్ళెం పట్టుకుని, ఆమె వెనకున్న వరస వైపు చూసి, "భక్తి ముఖ్యం తల్లీ, కాస్త జరుగు" అన్నారు. భర్త నాగేశాన్ని అడిగితే, "త్రాసులో వెయ్యంది దేని బరువూ నాకు తెలీదే" అన్నాడు. ఆయనది కిరాణా కొట్టు.

ఇలాంటి సందేహం దేవుడి గదిలో ఉన్నంతకాలం ఎవరికీ ఇబ్బంది లేదు. పోయిన వేసవిలో అది ఆమె పనిచేసే ఆఫీసుకు వచ్చింది, సర్క్యులరు రూపంలో.

ఆమె పనిచేసేది లంక భూముల పాత రికార్డుల కార్యాలయంలో, సీనియర్ అసిస్టెంటుగా. గోదావరికి ఒక అలవాటుంది. ఒక లంకలో నేల కోసుకుపోతుంది, ఇంకో లంకలో మేట వేస్తుంది. నేల పోయినవాళ్ళకు మేట వేసినచోట జాగా చూపించి, సర్కారు ఒక కాగితం ఇచ్చేది. కంప్యూటర్లు కొత్తగా వచ్చిన రోజుల్లో ఆ కాగితాలన్నీ రైతుల దగ్గర నుంచి పోగుచేశారు. కంప్యూటరులోకి ఎక్కించి వారంలో తిరిగి ఇచ్చేస్తామన్నారు. ఎక్కించారు. తిరిగి ఇవ్వడం మాత్రం వాయిదా పడుతూ వచ్చింది. ఆ తర్వాత ఓ పెద్ద వరదకు ఆఫీసు కింది గది మునిగి, నేలను తీసుకున్న గోదావరే కాగితాలనూ తీసుకుంది. మిగిలినవి ఇనప బీరువా నిండా ఫ్లాపీలు, వాటిని చదవడానికి ఒకే ఒక్క ఫ్లాపీ డ్రైవు.

ఆ డ్రైవు అరచేతిలో పట్టేంత ఉంటుంది. ఎవరైనా వచ్చి కాగితం అడిగితే, సీతారత్నం ఫ్లాపీ వెతికి అందులో దూర్చేది. అది గరగరమనేది. కాగితం వచ్చేది. దీనికంతకూ ఎదురుగా ఉన్న హోటల్లో టీ తాగినంతసేపు పట్టేది.

ఏప్రిల్ నెలలో గుబ్బల మంగాయమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి. చేతిలో గొడుగు, కాళ్ళకు ఇంకా ఆరని రేవు బురద.

"మా లంకలో రొయ్యల చెరువులు తవ్వుతున్నారమ్మా. నా యకరం కూడా కలిపేసి గీత గీసేశారు. వంగతోట, దొండపాదు, అన్నీ ఆ గీత లోపలే. ఇది నాది బాబూ అంటే కాయితం చూపించమంటాడు సర్వేయరు. కాయితం మీరే పట్టుకెళ్ళారు గదా అంటే, అయితే ఆళ్ళనే అడుగు అన్నాడు. జూన్ నెలాకరు దాటితే పొక్లెయిన్ దింపేత్తారంట."

"ఎంతసేపండీ, ఇప్పుడే ఇచ్చేస్తాను. కూర్చోండి" అని సీతారత్నం లేచింది.

సరిగ్గా అప్పుడే ప్రత్యేక అధికారి ఉమాపతిరావుగారు ఒక కాగితం ఊపుకుంటూ గదిలోంచి బయటికొచ్చారు.

"డ్రైవు ముట్టుకోకండి!"

జరిగింది ఇదీ. ముందురోజు వీడియో సమావేశంలో ప్రధాన కార్యాలయం పెద్దలు, పాత యంత్రాలు ఎంత వేగంతో పనిచేస్తున్నాయని జిల్లాలవారీగా అడిగారు. ఒక జిల్లావాళ్ళు సెకనుకు ఇన్ని కిలోబిట్లు అన్నారు. ఇంకో జిల్లావాళ్ళు ఇన్ని కిలోబైట్లు అన్నారు. టేపు రీళ్ళున్న జిల్లావాళ్ళు సెకనుకు ఇన్ని అంగుళాలన్నారు. ఉమాపతిరావుగారు మాత్రం "బాగానే వెళ్తోంది సార్" అన్నారు. అన్నింటిలోకీ పెద్దలకు అర్థమైన జవాబు అదొక్కటే. కానీ దాన్ని పట్టికలో వేయడం కుదరలేదు.

దాంతో సర్క్యులరు వచ్చింది. "ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, పాత నిల్వ యంత్రములన్నింటి సమాచార రవాణా వేగమును, పరిపాలనకు సుపరిచితమైన ఒకే కొలమానములోనికి మార్చి, తగు ధ్రువీకరణ పొందువరకు, సదరు యంత్రములను ఎట్టి పరిస్థితులలోనూ నడపరాదు."

"ఎన్నాళ్ళు పడుతుందండీ?" అంది సీతారత్నం.

"ఒక గుణకారం, ఒక భాగహారం. రెండు రోజుల పని" అన్నారు ఉమాపతిరావుగారు.

ఆయన చెడ్డవారు కారు. లెక్క తేలకుండా ఏ పనీ చేయకూడదని నమ్మినవారు, అంతే. రిటైరయ్యేలోగా ఒక్కసారైనా తన పేరు పక్కన 'అదనపు కమిషనర్' అని చూసుకోవాలని ఆయనకో ముచ్చట ఉండేది. అది ఎవరికీ చెప్పలేదు కానీ అందరికీ తెలుసు.

గుణకారం కోసం ధనుంజయ్ అనే కన్సల్టెంటును పిలిపించారు. కోటు వేసుకొచ్చాడు. ఏప్రిల్ ఎండలో కోటు చూసేసరికి ఆఫీసంతా అతన్ని నమ్మింది.

"సార్, ఈ డ్రైవు వేగం సెకనుకు అయిదు వందల కిలోబిట్లు" అన్నాడు.

"బిట్టంటే?"

"అన్నింటికన్నా చిన్నది సార్. ఉందా, లేదా అని చెప్పేది. ఒకటి, లేకపోతే సున్నా."

"ఉందో లేదో తెలియనిదాన్ని నోట్‌ఫైల్లో ఎలా రాస్తామయ్యా? ఆడిట్‌వాళ్ళు ఊరుకుంటారా?"

"అలాంటివి ఎనిమిది కలిస్తే ఒక బైటు సార్. బైటంటే, దాదాపుగా ఒక అక్షరం అనుకోండి."

"అక్షరం! అలా చెప్పు. అక్షరం పరిపాలనకు పరిచయమే." ఉమాపతిరావుగారు ముందుకు వంగారు. "సెకనుకు ఎన్నక్షరాలు?"

"అరవై రెండు వేల అయిదు వందలు."

ఉమాపతిరావుగారు లేచి బీరువాలోంచి సర్వీసు నిబంధనల పుస్తకం తీశారు. అక్షరాలు ఎంత వేగంగా కదలాలో ప్రభుత్వం ఒకే ఒక్కచోట చెప్పింది. డేటా ఎంట్రీ ఆపరేటరు గంటకు ఎనిమిది వేల అక్షరాలు కొట్టాలి. అంతకు మించి పరిపాలనకు సుపరిచితమైన కొలమానం ఈ భూమ్మీద లేదని ఆయన నిర్ధారించారు. ధనుంజయ్ క్యాలిక్యులేటరు తీశాడు. సెకన్లను గంటలు చేశాడు, వచ్చినదాన్ని ఎనిమిది వేలతో భాగించాడు.

"ఇరవై ఎనిమిది వేల నూట ఇరవై అయిదు సార్. శేషం లేదు."

"శేషం లేదా?"

"సున్నా సార్."

శేషం లేకుండా తెగిన లెక్కంటే ఉమాపతిరావుగారికి దైవవాక్కుతో సమానం. డ్రైవు వైపు చూశారు. దాని మీద ఎప్పటిలాగే ఆయన టీ గ్లాసు ఉంది. మెల్లగా తీసి కిటికీలో పెట్టారు. "ఇరవై ఎనిమిది వేలమంది నెత్తిన టీ పెట్టడం ఏం మర్యాద?" అన్నారు.

సాయంత్రానికి ప్రధాన కార్యాలయానికి నివేదిక వెళ్ళింది. "సదరు యంత్రము యొక్క వేగము 28,125 డేటా ఎంట్రీ ఆపరేటర్లుగా నిర్ధారించడమైనది." పంపాక ఆయన ఆ వాక్యాన్ని మళ్ళీ చదువుకున్నారు. ఇంతమంది తన కింద పనిచేస్తున్నట్టేగా! ఇంతమంది ఉన్న ఆఫీసుకు అధిపతి హోదా ఏమై ఉండాలి? ఆ రాత్రి ఆయన ఇంట్లో పాయసం వండించుకున్నారని అటెండరు చెప్పాడు.

సీతారత్నం ఇంటికెళ్ళి దీపం పెట్టుకుని, ఆ అంకె భర్తకు చెప్పింది.

"ఇరవై ఎనిమిది వేలమందా? జీతాలెవరిస్తారే?"

"మనుషులు కారండీ. వేగం."

"వేగానికి ఆకలుండదుగా. అయితే పర్లేదు" అని ఆయన పొట్లాలు కట్టుకోవడంలో పడ్డాడు.

అక్కడే ఆయన లెక్క తప్పింది. సిబ్బంది అన్నాక నిబంధనలు వర్తిస్తాయి. పదిమంది ఆపరేటర్లకు ఒక సూపరింటెండెంటు ఉండాలని పుస్తకంలో ఉంది. పర్యవేక్షణ లేని సిబ్బంది రికార్డులు ముట్టుకోకూడదని దాని కింద వాక్యంలో ఉంది. కాబట్టి వేగం మార్చడం పూర్తయినా డ్రైవు నడపడానికి వీల్లేదు. ముందు రెండువేల ఎనిమిది వందల పైచిలుకు సూపరింటెండెంట్లను నియమించాలి. ఉమాపతిరావుగారు ఆ ప్రతిపాదన ఎంతో ఇష్టంగా రాశారు.

ఇంజనీరింగు విభాగం నుంచి ఒకాయన టేపు పట్టుకుని వచ్చాడు. యాభైమందికి ఒక మంచినీళ్ళ కుళాయి చొప్పున ఎన్ని కుళాయిలో లెక్కవేసి, మున్సిపాలిటీ మొత్తానికి అన్ని లేవని రాసుకున్నాడు. మరుగుదొడ్ల లెక్క వేయబోయి, పెరట్లో నిలబడి చాలాసేపు ఆకాశం వైపు చూసి, "ఇవి రెండో విడతలో పెడదాం" అని వెళ్ళిపోయాడు.

ఉద్యోగుల సంఘం నాయకుడు దండ పట్టుకుని వచ్చాడు. డ్రైవుకు దండ వేసి, "ఈ ఇరవై ఎనిమిది వేలమంది ఇన్నేళ్ళుగా ఒక్క డబ్బాలో, గాలీ వెలుతురూ లేకుండా, నోరెత్తకుండా పనిచేశారు. వీళ్ళకు మధ్యాహ్నం గంట విరామం ఇవ్వకపోతే ఊరుకునేది లేదు" అని వరండాలో ప్రసంగించాడు. ఉమాపతిరావుగారు అక్కడికక్కడే విరామం మంజూరు చేశారు. ఆనాటి నుంచి మధ్యాహ్నం ఒంటిగంటకు డ్రైవు మీద ఒక తెల్ల రుమాలు కప్పేవారు. ఆగి ఉన్న యంత్రానికి విరామం ఏమిటని సీతారత్నానికి అనిపించింది. కానీ ఆఫీసులో అలాంటివి ఇంకా చాలా ఉన్నాయి.

మంగాయమ్మ మే నెలలో మళ్ళీ వచ్చింది. అప్పటికి వంగతోట గట్టు మీద ఎర్రజెండా పాతారు.

"రెండు రోజులన్నారమ్మా."

"లెక్క అయిందండీ. పైవాళ్ళ ఆర్డరు రావాలి."

"ఆ డబ్బాయేనా అది? దండేంటి? పోయిందా?" అంది మంగాయమ్మ కిటికీలోంచి చూసి, కంగారుగా.

"లేదండీ, బానే ఉంది."

"మరి దూర్చెయ్యరాదా? ఎవరు చూడొచ్చారు?"

సీతారత్నానికీ అదే అనిపించింది. ఒక్క నిమిషం. కానీ డ్రైవు పెట్టిన గదికి తాళం పడింది, తాళంచెవి ఉమాపతిరావుగారి జేబులో ఉంది. ఇరవై ఎనిమిది వేలమందిని తాళం వేయకుండా ఎలా వదిలేస్తారు మరి.

మే చివర్లో ఆడిట్ అధికారి జోగయ్యగారు వచ్చారు. ఆయన లెక్క మళ్ళీ మొదటి నుంచీ చేశారు. అంకె చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"కిలో అంటే ఎంత తీసుకున్నారు?"

"వెయ్యి" అన్నారు ఉమాపతిరావుగారు.

"కంప్యూటరువాళ్ళ కిలో వెయ్యి కాదు. వెయ్యి ఇరవై నాలుగు. నేను శిక్షణలో నేర్చుకున్నాను. ఆ ప్రకారం మీ దగ్గర ఇరవై ఎనిమిది వేల ఎనిమిది వందలమంది ఉండాలి. మీరు చూపించింది ఇరవై ఎనిమిది వేల నూట ఇరవై అయిదు." జోగయ్యగారు స్వరం తగ్గించారు. "మిగతా ఆరువందల డెబ్బై అయిదుమంది ఎక్కడున్నారు?"

ఉమాపతిరావుగారు వెంటనే ధనుంజయ్‌కి ఫోన్ చేశారు. "సార్, కొందరు వెయ్యి అంటారు, కొందరు వెయ్యి ఇరవై నాలుగు అంటారు. రెండూ కరెక్టే" అన్నాడతను.

"రెండూ కరెక్టంటే నా ఉద్యోగం పోతుందయ్యా! ఏదో ఒకటి తప్పని రాసివ్వు."

ఆ రాత్రి సీతారత్నం ఈ సంగతీ నాగేశానికి చెప్పింది. ఆయన ఈసారి పొట్లం కట్టడం ఆపేశాడు.

"కిలోకి ఇరవై నాలుగు కొసరా? ఎక్కడే ఆ కొట్టు? చిరునామా చెప్పు, చింతపండు అక్కడే కొంటాను."

ఆఫీసులో అది కొసరుగా చెల్లలేదు. ఆరువందల డెబ్బై అయిదుమంది అనుమతి లేకుండా గైర్హాజరైనట్టు ఆడిట్ అభ్యంతరం రాశారు. నిబంధన ప్రకారం వాళ్ళ చివరి నివాసానికి నోటీసు అంటించాలి. చివరి నివాసం డ్రైవే కదా, దానికే అంటించారు. దండకు కుడిపక్కన నోటీసు. సమాధానం ఇవ్వడానికి గడువిచ్చారు.

జూన్ మొదట్లో ప్రధాన కార్యాలయం నుంచి అభినందన వచ్చింది. అక్కడెవరో లెక్క సరిచూస్తూ బిట్లను బైట్లనుకున్నారు. దాంతో ఎనిమిదోవంతు కాస్తా ఎనిమిదింతలైంది. "రెండు లక్షల ఇరవై అయిదు వేలమంది సిబ్బందితో విశిష్ట సేవలందించుచున్న మీ కార్యాలయమును అభినందించడమైనది" అని ఉంది.

"ఇది పొరపాటండీ" అంది సీతారత్నం. "మనం రాసింది ఇరవై ఎనిమిది వేలేగా."

"పై ఆఫీసు పొరపాటు పడదమ్మా" అన్నారు ఉమాపతిరావుగారు. ఆయన కళ్ళు అభినందన మీదే ఉన్నాయి. "మనమే తక్కువ పనిచేస్తున్నామేమో."

అభినందన ఒక్కటే వస్తే బాగుండేది. దాని నకలు ఎన్నికల విభాగానికి కూడా వెళ్ళింది. పంచాయతీ ఎన్నికలు దగ్గరపడ్డాయి. రెండు లక్షల పైచిలుకు సిబ్బంది ఉన్న ఆఫీసు జిల్లాలో ఉందని తెలిసి ఎన్నికలవాళ్ళు పండగ చేసుకున్నారు. వాళ్ళ లెక్క ప్రకారం డివిజను మొత్తంలో ఓటర్లకన్నా పోలింగు సిబ్బందే ఎక్కువ. ఒక్కొక్క ఓటరును ఒకరు ఇంటి దగ్గర నుంచి తీసుకురావచ్చు, ఇంకా కొందరు మిగులుతారు. ఆడిట్ సలహా మీద ప్రస్తుతానికి వివాదం లేని ఇరవై ఎనిమిది వేల నూట ఇరవై అయిదుమందికి డ్యూటీ వేశారు. శిక్షణ తరగతులకు హాజరు కావాలని డ్రైవుకు ఉత్తర్వు అందింది. ఎడమపక్కన అంటించారు.

ఉమాపతిరావుగారికి నిద్ర పట్టడం మానేసింది. పంపకపోతే ఎన్నికల నేరం. పంపితే, డ్రైవును సంచీలో వేసుకుని జిల్లా పరిషత్ హాలుకు మోసుకెళ్ళాలి, ఇరవై ఎనిమిది వేల కుర్చీల్లో దేని మీద పెట్టాలో తెలియదు.

ఆ పరిస్థితుల్లో మంగాయమ్మ మూడోసారి వచ్చింది. ఆ రోజే నెలాఖరు. ఈసారి కూర్చోలేదు. తాళం వేసిన గది కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి చూసింది. దండ వాడిపోయి ఉంది. అటూ ఇటూ కాగితాలు వేలాడుతున్నాయి.

"రేపు పొద్దున్న దింపుతారంటమ్మా. మిషను రేవుకొచ్చేసింది. పంటు మీద ఎక్కిత్తా ఉంటే నేనా పక్కనే పడవెక్కొచ్చాను." ఆమె గొంతులో ఏడుపు లేదు. అలసట ఉంది. "దొండపాదు ఇప్పుడే పూతేసింది. ఇంకెవరిని అడగనమ్మా?"

సీతారత్నం జరిగినదంతా, నివేదిక దగ్గర నుంచి ఎన్నికల డ్యూటీ దాకా, ఒక్కటీ దాచకుండా చెప్పేసింది. మంగాయమ్మ మధ్యలో నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. సర్కారు గురించి ఆమెకు మొదటి నుంచీ పెద్ద అంచనాలు లేవు.

"అయితే లోపల ఇరవై ఎనిమిది వేలమంది ఉన్నారంటావు."

"ఉన్నారనే లెక్కండీ."

"ఇరవై ఎనిమిది వేలమందిలో ఒక్కణ్ణి నాకు ఇవ్వలేరా? నాది ఒక్క కాయితమేగా!"

సీతారత్నం ఆ మాట పట్టుకుని తన బల్ల దగ్గరకు వెళ్ళింది. తెల్లకాగితం తీసుకుంది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆమె రాసిన నోట్లలో ఇంత నిండు మనసుతో రాసింది లేదు. "ఎన్నికల శిక్షణ నిమిత్తము సిబ్బందిని విడుదల చేయవలసి ఉన్నది. కార్యాలయ అత్యవసర సేవల కొరకు ఒక ఆపరేటరును నిలుపుకొని, మిగిలిన ఇరవై ఎనిమిది వేల నూట ఇరవై నలుగురిని ఇచ్చటి నుండియే విడుదల చేయవచ్చును. ఒక ఆపరేటరుకు సూపరింటెండెంటు అవసరము లేదు. అధికారిగారి ప్రత్యక్ష పర్యవేక్షణ సరిపోవును."

ఉమాపతిరావుగారు ఆ నోటు రెండుసార్లు చదివారు. ఎన్నికల నేరం తప్పింది. నియామకాల గోల తప్పింది. మోసుకెళ్ళే పని కూడా లేదు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"జోగయ్యగారూ, ఆడిట్‌కు అభ్యంతరమా?"

జోగయ్యగారు ఆరువందల డెబ్బై అయిదుమందిని వెతుకుతూ ఇంకా ఆఫీసులోనే ఉన్నారు. ఆలోచించి, "ఆ ఒక్కడు ఒక్కడిలాగే పనిచెయ్యాలి. గంటకు ఎనిమిది వేలు. ఒక్క అక్షరం ఎక్కువైతే మిగతావాళ్ళు లోపలే ఉన్నట్టు లెక్క" అన్నారు.

విడుదల ఉత్తర్వు మీద సంతకమైంది. తాళం తీశారు. దండ తీశారు. సీతారత్నం ఫ్లాపీ దుమ్ము కొంగుతో తుడిచి, మనసులో ఒక నామం చెప్పుకుని దూర్చింది. ఇంతకాలం నోరెత్తని డ్రైవు గరగరమంది. ప్రింటరు మీద ఏ సర్క్యులరూ లేదు కనుక అది తన అలవాటు ప్రకారం కాగితాన్ని బయటికి తోసింది. గుబ్బల మంగాయమ్మ, పోయిన నేల, ఇచ్చిన నేల, నాలుగు హద్దులు, అన్నీ ఉన్నాయి.

మంగాయమ్మ చెయ్యి చాపింది. జోగయ్యగారు గడియారం చాపారు.

"ఇందులో సుమారు రెండువేల అక్షరాలున్నాయి. ఒక్క ఆపరేటరుకు పావుగంట పడుతుంది. రెప్పపాటులో ఇచ్చేస్తే ఎలా?"

"నిజమే" అన్నారు ఉమాపతిరావుగారు. కాగితాన్ని బల్ల మీద పెట్టి, అంచు మీద బొటనవేలు పెట్టి నొక్కిపట్టారు. "పావుగంట ఆగాలమ్మా."

"అయ్యిపోయింది గదా బాబూ. అచ్చరాలు ఆరడానికా? వడియాలా ఇయ్యి?"

"నిబంధన."

అందరూ బల్ల చుట్టూ నిలబడ్డారు. ఫ్యాను తిరుగుతోంది. కాగితం అంచు లేచిపడుతోంది. మంగాయమ్మ కాసేపు చూసి, "పోనీ, అయినకాడికి ఇచ్చెయ్యండి" అంది. జోగయ్యగారికి అందులో తప్పు కనబడలేదు. మూడు నిమిషాలయ్యేసరికి పైనున్న పేరూ ఊరూ చట్టప్రకారం ఆమెవయ్యాయి. ఆమె కాగితం పైఅంచు పట్టుకుంది. నిమిషాలు గడిచేకొద్దీ ఆమె చెయ్యి కిందికి జరిగింది, ఉమాపతిరావుగారి బొటనవేలు వెనక్కి జరిగింది. తూర్పు హద్దు వచ్చింది. దక్షిణం హద్దు వచ్చింది.

పడమర హద్దు సగంలో ఉండగా ఒంటిగంట కొట్టింది.

"విరామం" అన్నారు జోగయ్యగారు. "ఆపరేటరు భోజనానికి వెళ్ళాలి. సంఘంతో ఒప్పందం. మిగతాది రెండింటికి." ఆయన తన క్యారేజీ తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయారు.

ఉమాపతిరావుగారు ఇరుక్కుపోయారు. వేలు తీస్తే కాగితం పోతుంది. తీయకపోతే తను ఉన్నచోటునుంచి కదలడానికి లేదు. ఆ పక్క చివర మంగాయమ్మ తన హద్దులు గట్టిగా పట్టుకుని నిలబడి ఉంది.

"తవరు తినిరండి బాబూ. నేనిక్కడే ఉంటాను" అంది.

"నేనూ ఇక్కడే ఉంటాను" అన్నారాయన.

వరండాలోంచి జోగయ్యగారు క్యారేజీ విప్పిన చప్పుడైంది. గోంగూర వాసన, దాని వెనకే వేయించిన మినప వడియాల వాసన లోపలికి వచ్చాయి. ఉమాపతిరావుగారి కళ్ళు గుమ్మం వైపు వెళ్ళి, కాగితం మీదకు వచ్చి, మళ్ళీ గుమ్మం వైపు వెళ్ళాయి. ఆయనకు చక్కెర జబ్బు. వేళకు తినకపోతే చేతులు వణుకుతాయి. బల్ల మీద బొటనవేలు అప్పుడే వణకడం మొదలుపెట్టింది.

"సీతారత్నంగారూ" అన్నారు నీరసంగా. "రాసుకోండి. అత్యవసర సేవలో ఉన్న ఆపరేటరు, ఎన్నికల సమయమని గుర్తించి, తన భోజన విరామము వదులుకొని పని పూర్తిచేసినాడు. అతనికి ఈ కార్యాలయము తరఫున ప్రత్యేక ప్రశంస."

"రాశానండీ."

"ఇంకెంత ఉంది?"

గోడ గడియారం వైపు చూడకుండానే సీతారత్నం, "అయిపోయిందండీ" అంది.

బొటనవేలు లేచింది. ఉమాపతిరావుగారు చెయ్యి విదిల్చుకుంటూ గోంగూర వైపు నడిచారు.

మంగాయమ్మ కాగితాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి వెలుతుర్లో పట్టుకుంది. చదువు రాకపోయినా పైనుంచి కిందిదాకా చూసింది. మడతపెట్టి, తడవకుండా ప్లాస్టిక్ సంచీలో చుట్టి, రవిక లోపల దాచుకుంది. రేవుకు పడవ రెండింటికి ఉంది.

"ఇది మీ దగ్గర మేం తీసుకున్న కాగితమేనండీ" అంది సీతారత్నం. ఎందుకో ఆ మాట అనాలనిపించింది. "తిరిగి ఇచ్చేశాం."

"అవునమ్మా. వారంలో ఇచ్చేత్తామని పట్టుకెళ్ళారు." మంగాయమ్మ గొడుగు తీసుకుంది. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగింది. "అప్పుడు మా పెద్దాడు నా కడుపులో ఉన్నాడు. పర్లేదులే. ముట్టింది."